సదస్సులో నేనడిగిన ఒకే ఒక్క ప్రశ్న

ఒక్క ప్రశ్నతో నారాయణఖేడ్‌లోని పప్పు మిల్లులన్నిటికీ ఒకే మధ్యాహ్నం తాళాలు వేయించిన ఘనత నాది. సమ్మె కాదు, కర్ఫ్యూ కాదు, కరెంటు కోత అంతకన్నా కాదు. లేచి నిలబడి, గొంతు సవరించుకుని ఒక సందేహం అడిగాను, అంతే. ఆ సందేహానికి సమాధానం ఇప్పటికీ నాకెవరూ చెప్పలేదు. నేనెంత తెలివితక్కువవాడినో మాత్రం ఊరంతా విడమరిచి చెప్పింది. ఆ సంగతే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. నవ్వుకోండి, మొహమాటపడకండి. మీరు నవ్వకపోయినా మా ఊళ్ళో నవ్వేవాళ్ళు ఇంకా మిగిలే ఉన్నారు.

ఎనభైల్లో మాట. నేను అమ్మకం పన్ను వకీలును. వకీలంటే కోర్టులో నల్లకోటు వేసుకుని వాదించే రకం అనుకునేరు. దుకాణాలవాళ్ళ లెక్కలు సరిచూసి, నెలనెలా రిటర్నులు నింపి, ఆఫీసరు పిలిస్తే వాళ్ళ బదులు వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడే రకం. ఈ విద్య నేను రాంకిషన్ రావు అనే పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన్ను అందరూ రాంకిషన్ సాబ్ అనేవారు. ఆయన ఎవరేమడిగినా ముందు కళ్ళజోడు తీసి, ధోవతి అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "చూద్దాం" అనేవారు. మునిగిపోతున్న వ్యాపారి వచ్చి కాళ్ళమీద పడ్డా "చూద్దాం" అనేవారు. ఆ మనిషికి అసలేమీ తెలియదని, తెలియదని తెలియనివ్వకుండా ఇన్నేళ్ళు నెట్టుకొచ్చారని నా గట్టి నమ్మకం. అంత జ్ఞానం ఒంట్లో పెట్టుకుని ఒకరి కింద పనిచేయడం నాకు చిన్నతనం అనిపించింది. బస్టాండు దగ్గర బట్టల దుకాణం పైన ఒక గది తీసుకుని సొంతంగా బోర్డు కట్టేశాను. గదికంటే బోర్డు పెద్దది.

పార్టీ అంటే మా భాషలో మేం లెక్కలు చూసే వ్యాపారి. నా దగ్గర ఉన్న పెద్ద పార్టీ ఒక్కటే. వీరప్ప సేటు. నాగల్‌గిద్ద అనే కర్ణాటక సరిహద్దు ఊరి వైపు నుంచి వచ్చి ఖేడ్‌లో పప్పు మిల్లు పెట్టిన మనిషి. ఇంట్లో కన్నడం, బజారులో తెలుగు, కోపం వస్తే రెండూ. మిగతా నా పార్టీలన్నీ ఉప్పూ పప్పూ అమ్ముకునే చిల్లర దుకాణాలు. గది అద్దె, ఇంటి ఖర్చు, నా ఇజ్జత్, అన్నీ వీరప్ప సేటు మీదే నిలబడి ఉండేవి. ఆయన ఉంటే నేను వకీలును. ఆయన వెళ్ళిపోతే మళ్ళీ రాంకిషన్ సాబ్ ఆఫీసులో స్టూలెక్కి కూర్చునే గుమాస్తాను. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. నేనే మరిచిపోయాను.

ఆ రోజుల్లో హైదరాబాదులో మా వృత్తివాళ్ళకు నైపుణ్యం పెంచుతామంటూ సదస్సులు మొదలయ్యాయి. ఒకదానికి నేనూ వెళ్ళాను. వెళ్ళగానే ఒక ఫైలు, రాయని పెన్ను, చొక్కాకు గుచ్చుకునే పేరుచీటీ ఇచ్చారు. అక్కడ సఫారీ సూటు వేసుకున్న ఒకాయన నిలబడి, వృత్తిలో పైకి రావాలంటే ఏం చేయాలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెప్పాడు. ఆయన పైకి వచ్చింది అలా చెప్పడం వల్లనే అని నాకు చాలా కాలానికి అర్థమైంది.

"సభలో ప్రశ్న అడగనివాడు సభకు రానట్టే లెక్క. మనిషిని గుర్తుపెట్టుకునేది అతను అడిగిన ప్రశ్నను బట్టే. గాల్లో మాటలు వద్దు. ఉదాహరణ ఇచ్చి, వివరాలు చెప్పి అడగండి" అన్నాడు. పరిచయాలు పెంచుకోవాలనీ, కనిపించిన ప్రతివాడికీ కార్డు ఇవ్వాలనీ కూడా అన్నాడు. నేను అప్పటికే జహీరాబాదులో కార్డులు అచ్చు వేయించి పెట్టుకున్నాను. భోజనాల దగ్గర అందరికీ పంచాను. పెరుగు వడ్డించేవాడికి కూడా ఇచ్చాను. అతను దాన్ని జేబులో పెట్టుకుని నాకు ఇంకో గరిటె పెరుగు వేశాడు. ఆ సదస్సు వల్ల నాకు కలిగిన లాభం అదొక్కటే.

ఇక్కడ మీకు మా వృత్తి ఆచారం ఒకటి చెప్పాలి. సదస్సుల్లో ఎవడూ తన పార్టీ సంగతి అడుగుతున్నానని ఒప్పుకోడు. "ఒక వ్యాపారి ఉన్నాడనుకోండి" అని మొదలుపెడతాడు. ఆ వ్యాపారికి పేరుండదు, ఊరుండదు, పెళ్ళాం పిల్లలుండరు. అడిగేవాడికీ, జవాబు చెప్పేవాడికీ, వినేవాళ్ళకూ అతనెవరో ఇంచుమించు తెలుసు. అయినా ఎవరికీ తెలియనట్టే అందరూ గంభీరంగా తలలు ఊపుతారు. ఈ నాటకం ఇన్నేళ్ళుగా సాగుతోందంటే కారణం ఒక్కటే. ఆ సభల్లో వ్యాపారులూ ఉండరు, ఆఫీసరూ ఉండడు. వకీళ్ళు వకీళ్ళు కూర్చుని చేసుకునే పని అది. ఈ చిన్న విషయం నా పెద్ద బుర్రకు తట్టలేదు.

ఖేడ్‌కు తిరిగిరాగానే రాంకిషన్ సాబ్ దగ్గరికి వెళ్ళాను. మా వకీళ్ళందరిలోకీ పెద్ద ఆయనే, ఆయన అవునంటేనే మిగతావాళ్ళు కదులుతారు.

"సాబ్, మన ఖేడ్‌ల సదస్సు పెడ్దాం" అన్నాను.

"ఎందుకు?"

"నైపుణ్యం పెరుగుతది సాబ్. పరిచయాలు పెరుగుతయి."

"మనమున్నదే గుప్పెడు మందిమి. పొద్దున లేస్తే ఒకని మొఖం ఒకడు చూసుకుంటం. ఇంకేం పరిచయం కావాలె?"

"అందుకే సాబ్, ఎవరి పార్టీలను వాళ్ళు తీస్కరావాలె. మిల్లులోళ్ళు, కిరాణోళ్ళు, అందర్ని. ముఖ్య అతిథిగ సేల్స్‌టాక్స్ ఆఫీసర్ సాబ్‌ను పిలుస్త."

కళ్ళజోడు కిందికి దిగింది. ధోవతి అంచు పైకి లేచింది.

"ఆఫీసర్‌ను, పార్టీలను ఒక్క షెడ్డు కింద కూసోబెడ్తవా?"

"అవ్ సాబ్."

"పక్కపక్కన?"

"గదే గద సాబ్ కొత్తదనం!"

ఆయన నన్ను చాలాసేపు చూశారు. ఆ చూపులో ఉన్నది అసూయ అని నేను పసిగట్టాను. నా పసిగట్టే శక్తి అప్పట్లో అలా ఉండేది.

"చూద్దాం" అన్నారు.

దాన్ని సమ్మతిగా తీసుకుని ఏర్పాట్లలోకి దూకాను. నాకు నేనే కన్వీనర్‌నని పేరు పెట్టుకున్నాను. భోజనాలకు పప్పు, జొన్న రొట్టెలు ఎవరు పెడతారంటే వీరప్ప సేటు ఉండనే ఉన్నాడు. మిల్లుకు వెళ్ళి కరపత్రం చేతిలో పెట్టాను.

"ఏనప్పా వకీల్ సాబ్, గీ మీటింగ్‌ల నాకేమొస్తది?" అన్నాడు.

"ఆఫీసర్ సాబ్‌తోని పరిచయమైతది సేటూ."

"ఆయనతోని పరిచయం లేకనే గదా నేను సల్లగున్న!"

"గట్లంటే ఎట్ల? నీకు మొదటి వరుసల కుర్సీ ఏపిస్త."

"మొదటి వరుస బ్యాడప్పా, వద్దు. ఎనక ఏదన్న స్తంభం సాటున ఎయ్యరాదు?"

వినలేదు నేను. నా పెద్ద పార్టీ స్తంభం వెనక కూర్చుంటే నా ఇజ్జత్ ఏం కావాలి? ఆఫీసరుకు ఎదురుగా, కాళ్ళు చాపితే తగిలేంత దగ్గర్లో ఆయనకు కుర్చీ వేయించాను.

సదస్సు మార్కెట్ యార్డు షెడ్డులో జరిగింది. కందుల సీజను అప్పుడే అయిపోయింది. ఎంత ఊడ్పించినా గింజలు మిగిలే ఉన్నాయి, వాటికోసం పిచ్చుకలు దిగుతూనే ఉన్నాయి. వేదిక మీద కూర్చోబెట్టకపోతే అలిగేవాళ్ళు చాలామంది తేలడంతో అందరినీ ఎక్కించాం. శాలువాలు తక్కువపడ్డాయి. ముందు కప్పించుకున్నవాళ్ళ భుజాల మీంచి మెల్లగా లాగి, వెనకవాళ్ళకు కప్పాం. ప్రతి శాలువాకూ చప్పట్లు. కప్పినవాడు కప్పించుకున్నవాడిని మహానుభావుడన్నాడు, కప్పించుకున్నవాడు కప్పినవాడిని అంతకన్నా మహానుభావుడన్నాడు. వృత్తి నైపుణ్యం పెంచుకోవడం అంటే ఇదే అయితే మా షెడ్డులో ఆ పూట అది పొంగి పొర్లింది.

రాంకిషన్ సాబ్ వేదిక మీద చివరి కుర్చీలో కూర్చున్నారు. ప్రార్థన గీతం మొదలవగానే పొట్టమీద చేతులు పెట్టుకుని కళ్ళు మూశారు. భక్తి అనుకున్నాం. గీతం అయిపోయింది, కళ్ళు మాత్రం తెరవలేదు. ఆయన దగ్గర పని నేర్చుకున్నానని చెప్పుకోవడానికి నాకు సిగ్గేసింది.

హైదరాబాదు నుంచి వచ్చిన వక్త మారుతున్న కాలం గురించి మాట్లాడాడు. కాలం మారుతోందన్నాడు. మనమూ మారాలన్నాడు. మారకపోతే కాలం ఆగదన్నాడు. ఈ మూడు మాటలనే అటు తిప్పి ఇటు తిప్పి, దోసెను కాల్చినట్టు కాల్చి, భోజనాల వేళ దాటించాడు. ఆఫీసరు గడియారం చూసుకుంటున్నాడు. మిల్లు సేట్లు ఒక్కొక్కరే ఆవలిస్తూ, ఆఫీసరు తమవైపు చూడగానే నోళ్ళు మూసుకుంటున్నారు. పప్పు వాసన షెడ్డంతా వస్తోంది.

"ఎవరికైనా సందేహాలున్నాయా?" అన్నాడు వక్త.

ఎవ్వరూ కదల్లేదు. వకీళ్ళందరూ వాళ్ళ వాళ్ళ పార్టీల పక్కన బొమ్మల్లా కూర్చున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. నేను కన్వీనర్‌ను. హైదరాబాదు నుంచి వచ్చినాయన ఖేడ్ గురించి ఏమనుకుంటాడు? సఫారీ సూటాయన మాటలు చెవిలో గింగురుమన్నాయి. అదీగాక నా దగ్గర నిజంగానే ఒక సందేహం ఉంది.

అదేమిటో ముందు మీకు చెబుతాను. మిల్లువాడు రైతు దగ్గర కందులు కొని, పప్పు చేసి అమ్మితే సర్కారుకు పన్ను కట్టాలి. కొన్నట్టు రాయకుండా, రైతే తన కందులు తెచ్చుకుని, తన ఇంటి తిండికి పప్పు పట్టించుకుపోయాడని రాస్తే? అప్పుడు కొన్నదీ లేదు, అమ్మిందీ లేదు. మిల్లుకు పట్టిన కూలి మాత్రమే. పన్ను హుష్‌కాకి! ఈ ఉపాయం వీరప్ప సేటుకు చెప్పింది నేనే. ప్రపంచంలో ఇలాంటిది ఇంకెవరికీ తట్టలేదని, నా బుర్రలోనే పుట్టిందని నాకెంత గర్వమో! చిక్కు ఎక్కడొచ్చిందంటే, సేటు గుమాస్తా ఎప్పటివో పాత పేర్లు రాసుకుంటూ పోయాడు. వాళ్ళలో కొందరు రైతులు అప్పటికే కాలం చేశారు. మరి కాలం చేసినవాడు పప్పు పట్టించుకుపోయినట్టు రాస్తే చట్టం ఏమంటుంది? ఇదీ నా సందేహం. పైగా పేరు చెప్పను, ఊరు చెప్పను. ఇక భయమేముంది?

లేచాను.

"సార్, ఒక మిల్లు సేటు ఉన్నడనుకోండి."

"అనుకుందాం, చెప్పండి" అన్నాడు వక్త. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఆయన కాడికి రైతులొచ్చి, ఇంటి తిండికని కందులు పట్టిచ్చుకపోయిన్రు. మిల్లుకు కూలి ఒక్కటే. దానిమీద పన్ను లేదు గద సార్?"

"లేదు, లేదు. చాలా మంచి ప్రశ్న."

చూశారా, ఇక్కడ కూర్చోవచ్చు. చప్పట్లు కొట్టించుకుని, పప్పు రొట్టె తిని, ఇంటికి వెళ్ళి మంచి వకీలుగా బతకవచ్చు. కానీ వివరాలు చెప్పి అడగమన్నాడు కదా సఫారీ సూటాయన!

"ఒక్కొక్క రైతు లారీ నిండ పట్టిచ్చిండనుకోండి సార్."

"ఇంటి తిండికా?"

"అవ్ సార్."

"పెద్ద కుటుంబమేమో" అని వక్త నవ్వాడు. ఆయనతో పాటు ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు గడియారం చూసుకోవడం మానేశాడు.

"అండ్ల కొంతమంది రైతులు, కందులు తెచ్చేటప్పటికే, చచ్చిపోయి ఉన్నరనుకోండి."

షెడ్డులో పిచ్చుకల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. సభికులు నా ప్రశ్న లోతుకు నివ్వెరపోయారనుకున్నాను. గొంతు ఇంకాస్త పెంచాను.

"చచ్చిపోయిన రైతు పట్టిచ్చిన పప్పు చట్టం ప్రకారం ఎవల్ది సార్? ఆయనదా, ఆయన కొడుకులదా, మిల్లుదా?"

వెనక వరుసలో ఒక కుర్చీ ధడాలున పడింది. ఒక మిల్లు సేటు లేచి, పక్కనే ఉన్న తన వకీలు కాలరు పట్టుకున్నాడు.

"మన ముచ్చట వానికెందుకు చెప్పినవ్?"

"నల్లపోచమ్మ తోడు సేటూ, నేను చెప్పలే!"

"చెప్పకుంటె చచ్చినోళ్ళ సంగతి వానికెట్ల ఎర్క?"

ఇంతలో ఇంకో మూల నుంచి ఇంకో సేటు తన వకీలును నిలదీశాడు. "నిన్ను నమ్మి కాగితాలిస్తె, మీటింగ్‌ల చదివిస్తవా?" అంటున్నాడు. నాకేమీ అర్థం కాలేదు. నేను ఒక్క సేటు గురించి అడిగితే, షెడ్డులో ఉన్న ప్రతి సేటూ తన గురించే అడిగానని లేచి నిలబడుతున్నాడు. స్తంభం పక్కనున్న ఒకాయన చెయ్యెత్తి అరిచాడు.

"మా మిల్లుల చచ్చినోళ్ళు ఎవ్వరు లేరు!"

"మిమ్మల్ని ఎవరడిగిన్రు?" అన్నాడు ఆఫీసరు, మెల్లగా.

అంతే. ఆ మాటతో షెడ్డు కదిలిపోయింది. ఎవరి చెప్పులు ఎవరు వేసుకున్నారో తెలియదు. మోటారు సైకిళ్ళు, స్కూటర్లు, మిల్లు సేటును వెనక ఎక్కించుకున్న గుమాస్తా సైకిలు, అన్నీ మార్కెట్ యార్డు గేటు దగ్గర ఇరుక్కుని, విడిపడి, బజారు వైపు పరుగెత్తాయి. కాసేపటికి ఊళ్ళోని మిల్లులకు షట్టర్లు పడుతున్న చప్పుడు మా షెడ్డు దాకా వినిపించింది.

ఆఫీసరు వేదిక దిగి నా దగ్గరికి వచ్చాడు.

"మంచి ప్రశ్న అడిగినవ్ కన్వీనర్ సాబ్. గా మిల్లు ఏడున్నది?"

"ఊకె అనుకున్న సార్. ఏడ లేదు."

"రైతులు చచ్చిపోయిన్రని గూడ ఊకెనే అనుకున్నవా?"

"అవ్ సార్. ఉదాహరణ."

"ఉదాహరణకు గింతమంది ఉరికిన్రా?"

ఆయన ఖాళీ కుర్చీలను ఒకసారి కలయజూశాడు. మొదటి వరుసలో ఒకే ఒక్క మనిషి మిగిలాడు. వీరప్ప సేటు. రెండు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎదురుగా చూస్తూ, కదలకుండా కూర్చున్నాడు. ఆఫీసరు ఆయన దగ్గరికి వెళ్ళి చెయ్యి కలిపాడు.

"సేటూ, అందరు ఉరికిన్రు, నువ్వు ఒక్కనివే కూసున్నవ్. సాఫ్ మనిషివి" అని జీపెక్కి వెళ్ళిపోయాడు, భోజనం కూడా చేయకుండా.

షెడ్డులో మిగిలింది నేను, సేటు, హైదరాబాదు వక్త, వేదిక మీద ఇంకా నిద్రలోనే ఉన్న రాంకిషన్ సాబ్. వక్త నన్ను దగ్గరికి పిలిచి, "నా శాలువా కనిపించడం లేదండీ" అన్నాడు.

ఆ తరువాత కొన్ని వారాలు ఖేడ్‌లో ఆఫీసరు జీపు తిరగని వీధి లేదు. ఏ మిల్లుకు వెళ్ళినా ఆయన అడిగేది ఒక్కటే: "పప్పు పట్టిచ్చుకున్న రైతును పిలిపియ్యి." దాంతో మిల్లు సేట్లు బతికున్న రైతుల కోసం ఊళ్ళమీద పడ్డారు. ఎన్నడూ గద్దె మీద కూర్చోనివ్వని రైతును పరుపు మీద కూర్చోబెట్టి, చాయ్ మీద చాయ్ తాగించారు. కూలికి హైదరాబాదు పోయిన సిర్గాపూర్ రైతును ఒకాయన బస్సెక్కించి తెప్పించి, ఆఫీసరు ముందు నిలబెట్టాడు.

"చూడుండ్రి సార్, మా రైతు. బతికే ఉన్నడు."

"బతికే ఉన్న సారూ," అన్నాడు ఆ రైతు, "గని నేను కందులే ఎయ్యలే."

ఊళ్ళోని వకీళ్ళందరూ నన్ను వంతులవారీగా తిట్టారు. "నువ్వు వకీలువా, దండోరా ఏసేటోనివా?" అని ఒకాయన. "నీ నోట్ల సిమెంటు పొయ్య" అని ఇంకొకాయన. నేను పరేషాన్ అయిపోయి రాంకిషన్ సాబ్ దగ్గరికి పరుగెత్తాను.

"సాబ్, నేను కనిపెట్టిన ఉపాయం వీళ్ళందరికి ఎట్ల తెలిసింది?" అని అడిగాను.

"నువ్వు కనిపెట్టినవా?"

"అవ్ సాబ్."

ఆయన కళ్ళజోడు కూడా తీయలేదు. "ఏంరా ప్రభాకర్, నువ్వు పుట్టకముందుకెల్లి గీ ఊర్ల మిల్లులన్ని గట్లనే నడుస్తున్నయి. అందరికి చెప్పింది నేనే. నా కాడ ఉన్నన్ని రోజులు గా రైతుల పేర్లు నీ చేతులతోని నువ్వే రాసినవ్. ఏం రాస్తున్నవో ఒక్కనాడన్న సూసినవా?"

చూడలేదు. ఏళ్ళ తరబడి నా చేత్తో నేను రాసి, ఏమిటో తెలుసుకోకుండా మరిచిపోయి, చివరికి అది తిరిగి నా బుర్రలోకి వస్తే నేనే కనిపెట్టానని మీసం మెలేశాను. అంతటి మేధావిని మీరింకెక్కడైనా చూశారేమో నాకు తెలియదు, నేనైతే అద్దంలో తప్ప చూడలేదు.

అయినా లోలోపల ఒక ధైర్యం. అందరూ ఇరుక్కున్నారు గానీ నా వీరప్ప సేటు ఇరుక్కోలేదు. ఆఫీసరే ఆయన్ను సాఫ్ మనిషి అన్నాడు. జీపు అన్ని మిల్లుల ముందూ ఆగింది, ఆయన మిల్లు ముందు ఆగలేదు. అంటే నేను నా పార్టీని కాపాడినట్టే కదా! ఆ సంగతి గ్రహించి సేటు ఏ మిఠాయి డబ్బాతోనో వస్తాడని ఎదురుచూశాను.

వచ్చాడు. ఎన్నడూ ఎక్కని నా మెట్లు ఎక్కి, ఆయాసపడుతూ వచ్చాడు. వెనక గుమాస్తా, గుమాస్తా చేతిలో ఖాళీ గోనెసంచి. మిఠాయికి అంత సంచి ఎందుకా అనుకున్నాను.

"రా సేటూ, కూసో. ఆఫీసర్ సాబ్ మెచ్చుకున్నడు గద నిన్ను!"

"హౌదు. మెచ్చుకున్నడు."

"అందరు ఉరుకుతుంటె నువ్వు కదలకుంట కూసునుడు, కమాల్ అనుకో."

"నాకు గూడ ఉరుకుదామనే ఉండె. కాళ్ళు రాలే" అన్నాడు సేటు. "నువ్వు చచ్చిపోయిన్రు అనంగనే నా మోకాళ్ళు రెండు పట్టుకున్నయి. ఆయన వచ్చి చెయ్యి కలిపిండు సూడు, గప్పుడు పాణం పోయిందే అనుకున్న. మా ఇంటామె రాత్రంత కాళ్ళకు నూనె రాసింది."

సేటు గుమాస్తా వైపు తిరిగి సంచి విప్పమని సైగ చేశాడు.

"ఇగ సాకు, సాలు తమ్మీ. మా కాగితాలియ్యి."

మొన్నటిదాకా వకీల్ సాబ్‌ను. ఇప్పుడు తమ్మీని.

"సేటూ, నీ పేరు చెప్పలే గద నేను!"

"పేరు ఒక్కటే చెప్పలే."

"మరి ఎవలికిస్తున్నవ్?"

"రాంకిషన్ సాబ్‌కు."

ఇది మాత్రం నేను భరించలేకపోయాను. లేచి నిలబడ్డాను.

"ఆయనకా? పొద్దటిసంది మీటింగ్‌ల నిద్రవోయిండు సేటూ! ఆఖరిదాక ఒక్క మాట మాట్లాడలే!"

"నేను గూడ గదే సూసిన తమ్మీ" అన్నాడు వీరప్ప సేటు. "గంతమంది వకీళ్ళల్ల తన పార్టీల గుట్టు కాపాడింది ఆయన ఒక్కడే."

గుమాస్తా కాగితాలు సంచిలో వేసుకున్నాడు. వాళ్ళు మెట్లు దిగిపోయాక తలుపు వేసుకుని ఏడ్చాను. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజు నిజంగానే ఏడ్చాను. సంపాదన పోయిందని కొంత, పరువు పోయిందని కొంత. అన్నిటికన్నా ఎక్కువ, సేటు అన్న మాటలో ఒక్క అక్షరం కూడా తప్పు లేదని.

నెల తిరక్కముందే బోర్డు దించేశాను. రాంకిషన్ సాబ్ ముందుకు వెళ్ళి నిలబడితే, ఆయన ఒక్క మాట కూడా దెప్పకుండా మూలనున్న స్టూలు చూపించారు. స్టూలెక్కి కూర్చోగానే నా ముందు పెట్టిన మొదటి కట్ట వీరప్ప సేటుదే. మళ్ళీ అవే లెక్కలు, అదే చెయ్యి, గుమాస్తా జీతం. ఈసారి మాత్రం ఏం రాస్తున్నానో చదువుకుని రాశాను.

మరుసటి ఏడు జిల్లాలో ఎక్కడో పెద్ద సదస్సు పెట్టారు. బుద్ధిలేనివాళ్ళు కొందరు నన్ను చూసి నేర్చుకుని, వ్యాపారులనూ పిలిచారు. రాంకిషన్ సాబ్ నన్ను వెంట తీసుకెళ్ళి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఇయ్యాల నీకు పని నేర్పుత" అన్నారు చెవిలో. "చేతులు పొట్టమీద పెట్టు. మెడ ఎనకకు ఆనియ్యి, ముందుకు ఊగితె పడ్తవ్. గురక పెట్టొద్దు. చప్పట్లు ఇనొస్తె నువ్వు గూడ కొట్టు, గని కండ్లు తెరువకు."

"గంతేనా సాబ్?"

"గంతే. గిది వస్తె అన్ని వచ్చినట్టే."

నా బతుకులో ఎవరైనా నాకు నేర్పిన వృత్తి నైపుణ్యం అదొక్కటే. మనసుపెట్టి నేర్చుకున్నాను. కాలం మారుతోందని వేదిక మీంచి ఎవరో చెబుతుండగా హాయిగా నిద్రపోయాను. లేచేసరికి భోజనాలు వడ్డిస్తున్నారు. విస్తరి ముందు కూర్చున్నానో లేదో, ముక్కూముఖం తెలియని ఇద్దరు నూనె మిల్లు సేట్లు వచ్చి నా అటూ ఇటూ కూర్చున్నారు.

"సాబ్, మీ ఆఫీస్ ఏడ?" అన్నాడు ఒకాయన, గొంతు తగ్గించి. "పొద్దటిసంది మిమ్మల్నే సూస్తున్నం. ఏం నిద్ర సాబ్ మీది! మా కాగితాలు మీరే సూడాలె."

కాబట్టి సభాముఖంగా, పూర్తి తెలివితో, ఎవరి బలవంతం లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ సదస్సులోనూ నేను నోరు తెరిచి ప్రశ్న అడగను. అక్కడ నా నోరు తెరుచుకునేది భోజనానికే. "సందేహాలున్నాయా?" అని వేదిక మీంచి ఎంత గొప్పవాడు అడిగినా, ఎంత ముద్దుగా అడిగినా, నా పేరు పెట్టి పిలిచి అడిగినా సరే, నేను కళ్ళు తెరవను.